కాలిన కొస

పుట 38. వాన 203వ రోజు, ఉదయం

ఈ చేతిమార్పు పుస్తకంలో ప్రతి పుటకీ అయిదు గడులుంటాయి. వస్తువేమిటి, ఎక్కడ దొరికింది, ఎవరి చేతిలోంచి వచ్చింది, ఎవరి చేతిలోకి వెళ్ళింది, చివరిది రిమార్కులు. మొదటి నాలుగూ సర్కారువి. అయిదోది నాది. నేరం జరిగిన చోటు నుంచి నెత్తురు, ఉమ్మి, వెంట్రుక లాంటివి ల్యాబ్‌కి మోసుకెళ్ళడం నా పని. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. పనిలో ఉన్నంతసేపూ మాస్కు కట్టుకుని నోరు మూసుకోవాలి. మాట్లాడితే తుంపర పడుతుంది, తుంపర పడితే సాక్ష్యం పాడవుతుంది. అంచేత నోటితో అనాల్సినవన్నీ ఈ గడిలో రాసుకుంటాను. గడి చాలకపోతే పక్క పుటలోకి పోతాను. ఎవరైనా అభ్యంతరం చెబితే అదీ రాస్తాను.

పేరు బొమ్మాళి పైడితల్లి. వయసు యాభై ఏడు. తడి సాక్ష్యాలు ఆరబెట్టేదాన్ని కాబట్టి వెనకాల అందరూ ఆరేత పైడమ్మ అంటారు. ముందే అన్నా నాకేం నష్టం లేదు.

తెల్లవారాక కింది రేవు బియ్యం డిపోలో కాపలాదారు లెంక సత్యం చచ్చిపడి ఉన్నాడని కబురొచ్చింది. తల వెనక దెబ్బ. కొట్టిన తూకం రాయి పక్కనే నీళ్ళ తొట్టిలో ఉంది, దాని మీద ఇంకేమీ మిగల్లేదు. శవానికి మూరెడు దూరంలో సగం కాలిన చుట్ట. సత్యానికి ఉబ్బసం. వాడు పొగ తాగే మనిషి కాదు.

నేను వెళ్ళేసరికే తూనీగ వచ్చి పోయింది. కబురందిన తొంభై నిమిషాల్లో నమూనా ల్యాబ్‌లో పడాలని ఆ ఎగిరే యంత్రానికి ఆజ్ఞ. చుట్ట కాలని కొసని తడి దూదితో తుడిచి పట్టుకుపోయింది. చుట్టని నాకొదిలింది. కొత్త పద్ధతిలో నమూనా తూనీగకి, మిగిలిన వస్తువు నాకు, నా దగ్గర్నుంచి పొయ్యిలోకి.

భూతద్దం పెట్టి చూశాను. కాలిన కొస దగ్గర బూడిద తడిసి ముద్దయింది. దానికి అరంగుళం వెనక పళ్ళ గాట్లు, పై వరసవి రెండు, కింది వరసది ఒకటి. కాలని కొస మీద ఒక్క గాటు లేదు.

నాకు నవ్వొచ్చింది, మాస్కులో నవ్వాను. మా అమ్మ అడ్డపొగ తాగేది. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, కాలని కొసని బయటికి వదిలి, అలాగే వంటా చేసేది, నన్నూ తిట్టేది. ఏడాదిలో తొమ్మిది నెలలు వాన పట్టుకున్నాక కింది రేవులో ఆడా మగా మళ్ళీ అడ్డపొగకే వచ్చారు. నిప్పు తడవకుండా ఉండాలంటే నోటిని మించిన గొడుగు లేదు. మెట్ట మీద పెద్దమనుషులకి ఈ సంగతి తెలీదు. తూనీగకి పని నేర్పింది ఆ పెద్దమనుషులే. కాలని కొస నోట్లో ఉంటుందని నేర్పారు.

మా అధికారి కూర్మారావు గారు గుమ్మంలోంచి కేకేశారు.

"పైడమ్మా, ఆ చుట్టముక్క ప్లాస్టిక్ సంచిలో పడేసి సీలు వేసెయ్. సాయంత్రం మిగతా వాటితో కాల్చేద్దాం."

తల అడ్డంగా ఊపాను. తడి వస్తువుని ప్లాస్టిక్‌లో పెడితే, పచ్చడి జాడీలో తడి గరిటె పెట్టినట్టే, రెండో రోజుకి బూజు. కాగితం కవరులో పెట్టి, మూతి అంటించకుండా, చేతులకి కొత్త గ్లౌజులు వేసుకుని ఆరేత గదికి తెచ్చుకున్నాను.

ఇంకొకటి రాయాలి. డిపోలో అడుగు పెట్టిన వాళ్ళ సంతకాలు ఇదే పుట అడుగున ఉన్నాయి. శవాన్ని ముందు చూసిన డిపో సూపరింటెండెంటు మజ్జి కోదండం గారు. తర్వాత కూర్మారావు గారు. తర్వాత నేను. అంతే, ముగ్గురం.

పుట 39. అదే రోజు, మధ్యాహ్నం

ఫలితం వచ్చేసింది. కాలని కొస మీద ఉమ్మి తేలుపేట సూరాడ ఎల్లాజీది. నూటికి నూరుపాళ్ళు. గంటలో పట్టుకొచ్చారు.

పాత ఊరిని సముద్రం తీసుకున్నాక కొందరం మెట్ట ఎక్కాం, కొందరు తెప్పల మీద మిగిలారు. ఆ తెప్పల ఊరే తేలుపేట. రేషన్ బియ్యం కావాలంటే తేలుపేటలో పుట్టిన ప్రతి ప్రాణీ నెత్తురిచ్చి, ఏ నెత్తురు ఎవరిదో గుర్తులుండే సర్కారు పటంలోకి ఎక్కాలి. మెట్ట వాళ్ళం ఇవ్వక్కర్లేదు. అది మా హక్కని గోడల మీద రాసి ఉంటుంది. యంత్రం ఆ పటంలో వెతుకుతుంది, పటంలో ఉన్న పేరే చెబుతుంది. ఇరవై ఆరేళ్ళలో మెట్ట మనిషి పేరు ఒక్కసారి కూడా రాలేదు. మేమంతా అంత పుణ్యాత్ములం.

పేరు కలిస్తే విచారణ లేదు. 212వ రోజున ఓడ వస్తుంది. ఉప్పుదీవికి ఎక్కించేస్తారు. అక్కణ్ణించి వెనక్కొచ్చిన వాడిని నేను చూడలేదు.

పుట 39. వాన 204వ రోజు

చుట్ట ఇంకా తడిగానే ఉంది. వెదురు తట్ట మీద, తెల్ల కాగితం మీద, ఏ కొసా దేనికీ తగలకుండా పెట్టాను. ఎండ తగలకూడదు, వేడి తగలకూడదు, ఫ్యాను పనికిరాదు. నీడ, మెల్లగా ఆడే గాలి, ఓపిక. మొదటి రెండూ గదిలో ఉన్నాయి.

కూర్మారావు గారు రెండుసార్లొచ్చారు. రెండోసారి మాస్కు లేకుండా లోపలికి రాబోతే గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"కేసయిపోయింది పైడమ్మా. ఇంకా దేనికే ఈ ఆరబెట్టడం?"

బయటికొచ్చి మాస్కు దించి చెప్పాను. "కాలిన కొస ఎవులూ సూడనేదు సార్. ఆ సుట్ట అడ్డపొగ తాగినోడిది."

"ఛీ, అడ్డపొగేంటి? ఈ రోజుల్లో ఎవరు తాగుతారే?"

"మీకు తెలీనోల్లు."

ఆయన మొహం చిట్లించుకుని వెళ్ళిపోయారు. ఆయన చెడ్డవాడేం కాదు. పైవాళ్ళు కళ్ళెర్రజేస్తే నిలబడలేని మనిషి. అలాంటి మంచివాళ్ళతో చాలా చిక్కు.

పుట 40. వాన 205వ రోజు

నిందితుడి తాలూకు మనిషితో మాట్లాడకూడదని రూలు. మాట్లాడాను. అదీ రాస్తున్నాను.

ఎల్లాజీ భార్య నూకాలు ఆరేత గది మెట్ల దగ్గర పొద్దున్నించీ తడుస్తూ కూర్చుంది. నేను అన్నానికి బయటికొస్తే లేచి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, కోపంతో ఉంది.

"అమ్మా, ఆ సుట్ట మీద మా ఆయన ఉమ్మి ఉందంటన్నారు. ఉండకేటి సేత్తాది? ఆకు నాను సుడతాను, ఆకరి అంచు ఆడే నాకి అంటిత్తాడు. ఈ రేవుల నోట్లెట్టుకునే పెతి సుట్ట మీదా ఆడి ఉమ్మే ఉంటాది. అలగయితే ఈ ఊర్ల ఉన్న కూనీలన్నీ ఆడే సేసినాడేటి?"

బొడ్లోంచి పొగాకు తీసి నా ముందే చుట్ట చుట్టి చూపించింది. అంచు చివర అంటించే చోటు చూశాను. సరిగ్గా తూనీగ దూది పెట్టి తుడిచిన చోటు.

"ఎవులెవులు కొంటారమ్మా మీ సుట్టలు?"

"కిందోల్లందరూ కొంటారు. మీదోల్లూ కొంటారు, సాటుగా. మీదోల్ల పేర్లడక్కు. సెప్తే నన్నూ అదే ఓడెక్కించేత్తారు."

అడగలేదు. పేర్లు చెప్పడం ఆ చుట్ట పని. నూకాల్ని ఇంటికి పొమ్మన్నాను. ఆవిడ వెళ్ళాక పాత పుస్తకాలు తీసి తిరగేశాను. ఇన్నేళ్ళలో ఎన్ని చుట్టలు, ఎన్ని గుడ్డలు, ఎన్ని చెప్పులు చూడకుండా పొయ్యిలో వేయించానో లెక్క ఈ పుస్తకాల్లోనే ఉంది. ప్రతిదాని పక్కనా నా సంతకం ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

పుట 41. వాన 206వ రోజు

ఆరింది. రెండు కొసలూ దేనికీ రాసుకోకుండా గట్టి కాగితంతో గొట్టం చేసి అందులో పెట్టాను. కవరు మూసి లక్క కరిగించి ముద్ర వేశాను. అదే ముద్ర ఈ పుట మీద కూడా వేస్తున్నాను, పోల్చుకోవడానికి.

ముద్ర వేసిన గంటకి కూర్మారావు గారు కాగితం పట్టుకొచ్చారు. రేపటి నుంచి నన్ను సస్పెండ్ చేశారు. ఇత్తడి ముద్ర ఇచ్చెయ్యమన్నారు, ఇచ్చేశాను. పుస్తకం ఇచ్చెయ్యమన్నారు.

"పుస్తకం ఎవరి సేతిల మొదలైతే కేసు మూసేదాకా ఆలదే. మీరే నాకు నేర్పినారు సార్."

"అయితే కవరివ్వు. కాల్చేశామని సంతకం పెట్టు."

"ఎట్టను."

"పెన్షన్ పోతుందే."

"పోనీండి. కవరు నా సేతిలోంచి నాగీసుకోండి సార్, సంతకం మట్టుకు గీసుకోనేరు."

నాలుగో గడి ఖాళీగా ఉంది చూడండి. అందులో ఆయన పేరు నేను రాయలేదు, ఆయన కవరు ముట్టుకోకుండానే వెళ్ళిపోయారు.

పుట 42. వాన 207వ రోజు

ల్యాబ్ మెట్ట నెత్తిన ఉంది. తీగబండి ఎక్కబోతే నా పాసు పని చెయ్యలేదు. మెట్లెక్కాను. పదకొండు వందల నలభై. నా మోకాళ్ళు ప్రతి మెట్టుకీ నన్ను తిట్టాయి.

సాక్ష్యం తడవకూడదు, ఒంటికి ఆనించుకుంటే వేడికి పాడవుతుంది. అన్నం క్యారేజీ కడిగి ఆరబెట్టి, నడిమి గిన్నెలో కవరు పెట్టి, మూత బిగించి పట్టుకెళ్ళాను. దారిలో ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆపి క్యారేజీలో ఏముందన్నారు. చద్దన్నం అన్నాను. కవరు కోసం అబద్ధమాడాను, రాస్తున్నాను.

ల్యాబ్ కిటికీలో పట్నాల సుభద్ర ఉంది. వస్తువులు అందుకునే ఉద్యోగం. పదేళ్ళ కిందట నా దగ్గరే పని నేర్చుకుంది. నన్ను చూడగానే కిటికీ తలుపు సగం మూసింది.

"అప్పా, నిన్ను సస్పెండ్ చేశారు కదా. నీ దగ్గర తీసుకుంటే నా ఉద్యోగం పోతుంది."

"పద్నాలుగో రూలు ఏటంతాదో సదువు."

ఆమెకి చదవక్కర్లేదు, కంఠతా వచ్చు. తెచ్చింది ఎవరైనా సరే, లక్క ముద్ర పగలకుండా ఉంటే అందుకుని తీరాలి. పుట 41 మీది ముద్రనీ కవరు మీది ముద్రనీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. తేడా కోసం వెతికింది పాపం. దొరకలేదు. సంతకం పెట్టింది.

"ఏం వెతకాలి?" అంది.

"కాలిన కొసకి అరంగులం యెనక. పళ్ళ గాట్లు తుడువు."

పుట 43. వాన 208వ రోజు

ల్యాబ్ వరండాలోనే ఉన్నాను. సుభద్ర బయటికొచ్చి తెల్లకాగితం చూపించింది.

"ఉమ్మి బాగా దొరికిందప్పా. ఎల్లాజీది కాదు. కానీ యంత్రం ఏ పేరూ ఇవ్వలేదు. పేరు లేకపోతే అది ఖాళీ కాగితమే ఇస్తుంది. ఆడో మగో కూడా పటంలో దొరికితేనే చెబుతుంది. ఖాళీ కాగితాన్ని ఫలితంగా తీసుకోరు."

"తేలుపేటల పటం ఎక్కనోల్లు ఉన్నారేటి?"

"లేరు. పుట్టిన రోజే ఎక్కిస్తారు."

"మరి ఆ సుట్ట తాగినోడు యెక్కడోడు?"

కిటికీలోంచి మెట్ట మీది ఇళ్ళు కనిపిస్తున్నాయి. సుభద్ర అటు చూసింది.

"యంత్రం రాయకపోతే నువ్వు రాయి. నీకు సెయ్యి నేదా?"

ఈ కింద ఉన్న ఎర్ర సిరా రాత ఆమెది: "కాలిన కొస వద్ద లభించిన ఉమ్మి పటంలో నమోదైన ఏ ఒక్కరిదీ కాదు." తొందరపడకుండా రాసింది, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.

పుట 44. వాన 209వ రోజు

కూర్మారావు గారు ల్యాబ్‌కే వచ్చారు, గొడుగు కూడా లేకుండా. పుట 43 చదివి నవ్వారు.

"ఇది నీ ఉమ్మేనే. మీ అమ్మ అడ్డపొగ తాగేదని నువ్వే ఒకప్పుడు చెప్పావు. నువ్వూ తాగుతావని ఆఫీసంతటికీ తెలుసు. నాలుగు రోజులు దగ్గర పెట్టుకుని మైలపరిచావు. కావాలంటే కాదని రుజువు చెయ్."

అడ్డపొగ నేనూ తాగాను. మానేసి పదకొండేళ్ళయింది. దాచుకోవలసిన పనేం లేదు. రుజువు చెయ్యాలంటే నేను నమూనా ఇవ్వాలి. ఇచ్చిన మనిషి పటంలోకి ఎక్కుతుంది. పటంలోకి ఎక్కిన మనిషికి మెట్ట మీద ఇల్లుండదు. రేపు ఎక్కడ ఏ గుడ్డ ముక్క దొరికినా యంత్రం నా పేరు కూడా వెతుకుతుంది. ఆయనకిది బాగా తెలుసు. నేను తగ్గుతాననుకున్నారు.

భయం వేసింది. ఆ ఇంట్లో ఇరవై రెండేళ్ళున్నాను. కిటికీ గడియ ఎటు తిప్పితే పడుతుందో నాకు తప్ప ఎవరికీ తెలీదు. అయిదు నిమిషాలు కూర్చున్నాను. తర్వాత ఎల్లాజీకి ఆ అయిదు నిమిషాలు కూడా ఎవరూ ఇవ్వలేదని గుర్తొచ్చింది. లేచి మాస్కు తీశాను.

"సుభద్రా, దూది తే. కొత్త గ్లౌజులేసుకో. ఎడం బుగ్గ లోపల పదిసార్లు, కుడి బుగ్గ లోపల పదిసార్లు. ఆరబెట్టి కాగితంలో పెట్టు. నేర్పినాను కదా."

నా ఉమ్మిని నేనే ఈ పుస్తకంలో వస్తువుగా ఎక్కించాను. ఎవరి చేతిలోంచి: బొమ్మాళి పైడితల్లి. ఎవరి చేతిలోకి: పట్నాల సుభద్ర.

అప్పుడు ఇరవై ఒకటో రూలు తీసి కూర్మారావు గారి ముందు పెట్టాను. సాక్ష్యం మైలపడిందని ఎవరైనా అంటే, ఆ చోట అడుగు పెట్టిన ప్రతి ఒక్కరి నమూనా తీసి పోల్చాలి. పోల్చేదాకా కేసు మూయకూడదు. మూయని కేసులో మనిషిని ఓడ ఎక్కించకూడదు.

"మైలపడిందని నానన్నేదు సార్. మీరన్నారు. పుట 38 అడుగున సంతకాలు మూడు. ఒకటి నాది అయిపోనాది. ఇంకా రెండున్నాయి."

ఆయన ఆ పుట వైపు చూసిన చూపు నేను మరిచిపోను. ఎవరో తలుపు గడియ బయట్నుంచి వేసేసినట్టు చూశారు.

పుట 45. వాన 210వ రోజు

నా ఫలితం వచ్చింది. కాలిన కొస మీద ఉమ్మి నాది కాదు. ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసు కూడా దాంతోపాటే వచ్చింది. ఈ సర్కారుకి కొన్ని పనుల్లో తొంభై నిమిషాలు కూడా అక్కర్లేదు.

మధ్యాహ్నం కూర్మారావు గారొచ్చి నమూనా ఇవ్వడానికి నోరు తెరిచారు. ఆయన జేబులో ఇల్లు పోకుండా మినహాయింపు ఉత్తర్వు ఉంది. నాకెవరూ అలాంటిది ఇవ్వలేదు, నేను అడగనూ లేదు. దూది బుగ్గలోంచి తియ్యగానే ఆయన విసుగ్గా అన్నారు.

"కోదండం చేసిన పనికి నేనెందుకే అనుమానం మొయ్యాలి?"

అని, వెంటనే నాలిక కరుచుకున్నారు. సుభద్ర నన్ను చూసింది, నేను సుభద్రని చూశాను. ఆయన మాట ఉన్నదున్నట్టు ఇక్కడ రాశాను. కింద మేమిద్దరం సాక్షి సంతకాలు పెట్టాం. కొట్టెయ్యమని ఆయన బతిమాలారు. ఒక్క గీత గీసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, కారణం రాస్తే కొట్టెయ్యొచ్చని చెప్పాను. కారణం దగ్గరికొచ్చేసరికి ఆయన పెన్ను మూత పెట్టి జేబులో పెట్టేసుకున్నారు.

కూర్మారావు గారి ఉమ్మి కూడా కాదు.

పుట 46. వాన 212వ రోజు

ఓడ వచ్చింది. రేవులో నిలబడి చూశాను. పదకొండు మందిని ఎక్కించారు. ఆ పదకొండు మంది చుట్టలు, గుడ్డలు ఎవరు ఆరబెట్టారో, ఎవరు కాల్చారో నాకు తెలీదు, తెలుసుకుంటాను. ఎల్లాజీ వాళ్ళలో లేడు. ఇంకా లాకప్‌లోనే ఉన్నాడు. బయటికి రాలేదు, కానీ ఓడ వాడు లేకుండానే వెళ్ళిపోయింది. నూకాలు నీళ్ళ అంచున నిలబడి ఓడ కనపడకుండా పోయేదాకా తిట్టింది. అంత చక్కటి తిట్లు మా అమ్మ తర్వాత నేను వినలేదు.

సామాను ఎక్కువేం లేదు. వెదురు తట్ట, క్యారేజీ, భూతద్దం, రెండు చీరలు. నూకాలే ఎత్తుకుంది.

"మా పక్క తెప్ప కాలీగుంది అమ్మా. గాలి బాగా ఆడతాది. నీకు ఆరబెట్టుకోడానికి పనికొత్తాది."

మజ్జి కోదండం గారి దగ్గర్నుంచి మూడు రోజుల్లో మూడు ఉత్తరాలొచ్చాయి. అంగిలి పుండైందట, నోరు తెరవలేరట, నమూనా ఇవ్వడానికి గడువు కావాలట. మూడూ ఈ పుటకి అంటించాను. పక్కన నా రిమార్కు: నిప్పున్న కొస నోట్లో పెట్టుకునే అలవాటున్నవాళ్ళకి అంగిలి కాలుతుంది. మా అమ్మకీ కాలేది.

పుస్తకం ఇచ్చెయ్యమని ఆఫీసు నుంచి మళ్ళీ మనిషొచ్చాడు. పుట 38 అడుగున ఉన్న మూడు సంతకాల్లో కోదండం గారి నమూనా ఇంకా రాలేదని చూపించి పంపేశాను. ఆయన పుండు మానేదాకా ఆగుతాను. తొందరేం లేదు. ఆరడానికి పట్టే టైము నాకు తెలుసు. పుస్తకంలో పుటలు ఇంకా నూట యాభై నాలుగున్నాయి.